అమోయ్, షియామెన్ ఒకటేనా? బ్యాంకు వాళ్ళు కాదంటున్నారు

గెలాక్సీ రాయి · సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్తే. మాది చీమకుర్తిలో గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసు. నేను కాగితాల పని చూస్తాను. ఆరు కంటైనర్ల బ్లాక్ గెలాక్సీ చైనాకి పంపాం. అవతలి పార్టీ తెరిచిన ఎల్‌సీలో (డబ్బు చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) సరుకు దిగే రేవు పేరు 'అమోయ్' అని ఉంది. షిప్పింగ్ లైను వాళ్ళిచ్చిన సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లో 'షియామెన్' అని ప్రింటయింది. కాగితాలు బ్యాంకులో ఇస్తే డిస్క్రిపెన్సీ, అంటే తేడా ఉంది అని పక్కన పెట్టేశారు. రెండూ ఒకే ఊరు సార్ అంటే, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని "ఇది 'ఎ'తో మొదలవుతోంది, అది 'ఎక్స్'తో. ఒకటెలా అవుతుంది బాబూ?" అన్నారు. ఆయన తప్పు కూడా కాదులెండి.

ఇంకో తికమక ఉంది. అదే పార్టీ లెటర్‌హెడ్ మీద వాళ్ళ బ్రాంచి ఊరు 'కెమోయ్' (క్యూ-యూ-ఇ-ఎమ్-ఓ-వై). కింద రబ్బరు స్టాంపులో మాత్రం 'కిన్‌మెన్'. మా ఓనరు గారు "ఇదేదో దొంగ కంపెనీ ఏమో చూడరా" అంటున్నారు. రాత్రి నిద్ర లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

విశాఖ లంగరు · 11:05

ముప్పై ఏళ్ళు ఓడల మీద తిరిగినవాణ్ణి, విను తమ్ముడూ. అమోయ్ అన్నా షియామెన్ అన్నా ఒకటే రేవు. రాతి వ్యాపారానికి అదెంత పెద్ద బజారో మీ చీమకుర్తి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కానీ బ్యాంకు దగ్గర చరిత్ర మొదలుపెట్టకు. వాళ్ళకి కాగితం మీద అక్షరమే కావాలి. షిప్పింగ్ లైను సిస్టమ్‌లో రేవు కోడ్ ఎక్స్-ఎమ్-ఎన్. అక్కడ అమోయ్ అని కొట్టించడం నీవల్ల కాదు, నావల్లా కాదు. పార్టీకి మెయిల్ పెట్టి ఎల్‌సీకి అమెండ్‌మెంట్, అంటే సవరణ చేయించు. ఛార్జీలు వాళ్ళవేనని మొదటి మెయిల్లోనే రాసేయ్.

ద్విత్వం · మధ్యాహ్నం 12:30

లంగరు గారు పని జరిగే దారి చెప్పారు. మీ ఓనరు గారి అనుమానం సంగతి నేను చూస్తాను.

మీ కాగితాల్లో నాలుగు పేర్లున్నాయి కానీ దీవులు రెండే. ఒకటి చైనా ఫుజియన్ తీరాన ఉన్న షియామెన్. దానికి ఎదురుగా, కంటికి కనిపించేంత దూరంలో, తైవాన్ పాలనలో ఉన్న కిన్‌మెన్ రెండోది.

ఇప్పుడు పేర్ల తోకలు చూడండి. అమోయ్, కెమోయ్. షియామెన్, కిన్‌మెన్. 'మోయ్' అన్నా 'మెన్' అన్నా రాసే చైనా అక్షరం ఒక్కటే. ద్వారం అని అర్థం. రాజధాని భాష మాండరిన్‌లో చదివితే 'మెన్'. ఆ తీరంలో జనం మాట్లాడుకునేది హొక్కియెన్, అందులోనూ జాంగ్‌జౌ వైపు యాసలో అది 'ముయ్'. ఓడ దిగిన పరదేశి ఈ ఊరి పేరేమిటని అడిగితే జవాబు చెప్పినవాడు బీజింగ్ పండితుడు కాదు, రేవులో కూలీయో జాలరో. 'ఎ-ముయ్' అన్నాడు. అది అమోయ్ అయింది. 'కిమ్-ముయ్' కెమోయ్ అయింది. కిమ్ అంటే బంగారం. అంటే మీ పార్టీ బ్రాంచి ఉన్నది సాక్షాత్తూ బంగారు వాకిలిలో!

దొంగ కంపెనీయో కాదో నాకు తెలీదు. పేర్ల వరకు మాత్రం దొంగతనం ఏమీ లేదు.

స్వదేశీ77 · 12:52

మాస్టారూ, ఎన్ని చెప్పినా అమోయ్ అనేది తెల్లవాళ్ళు నోరు తిరగక పాడుచేసిన పేరే. మన కాకినాడను కోకనాడా చేసినట్టు. చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి చైనా ప్రభుత్వం పెట్టిన పిన్‌యిన్ పద్ధతిలో రాసిందే అసలైన పేరు. ఇంకా పాతది పట్టుకు వేలాడటం బానిస బుద్ధి.

ద్విత్వం · మధ్యాహ్నం 1:40

కోకనాడా సంగతి వేరు నాయనా. బెజవాడతో పోల్చు. విజయవాడ అని పేరు స్థిరపడ్డాక కూడా ఊళ్ళో సగం మంది నోట బెజవాడే కదా. అది దొరల వంకర పేరు కాదు, మన నోటి పేరు. రైల్వే ఇప్పటికీ స్టేషన్ కోడ్ బి-జడ్-ఎ అనే రాస్తుంది.

అమోయ్ కూడా అలాంటిదే. పరదేశి స్పెల్లింగ్ కొంత వంకరే, ఒప్పుకుంటాను. కానీ ఆయన విన్నది స్థానిక భాష. షియామెన్ అనేది రాజధాని భాషలో చదివిన పేరు. అందులో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనడానికి లేదు.

ఇంకో సంగతి. షియామెన్ పక్కనే ఒక చిన్న దీవి ఉంది, పాత విదేశీ కాన్సులేట్ల బంగళాలతో. పిన్‌యిన్‌లో గులాంగ్‌యు. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి దాన్ని చేర్పించింది చైనా ప్రభుత్వమే. ఏ పేరుతో అనుకున్నావు? 'కులాంగ్సు'. హొక్కియెన్ ఉచ్చారణ నుంచి వచ్చిన పాత స్పెల్లింగ్. వాళ్ళదీ బానిస బుద్ధేనా?

స్వదేశీ77 · 1:44

సరే, కులాంగ్సు దగ్గర దొరికిపోయాను. కోకనాడా మాత్రం వదలను.

కోనసీమ కుర్రాడు · 2:15

కోకనాడా మీరు వదిలినా రైల్వే వదల్లేదుగా అన్నా. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సి-సి-టి. ఆ మొదటి సి ఎవరిదనుకున్నారు?

సించూ శీను · 3:20

తైవాన్ నుంచి హాజరు. చిప్పుల కంపెనీలో పని, ఆరేళ్ళయింది. ఇక్కడి స్పెల్లింగుల గోల చెప్తే ఏడుస్తారు.

నేనుండే ఊరు సించూ. రాసేది హెచ్-ఎస్-ఐ-ఎన్-సి-హెచ్-యూ. అదే ఊరు చైనా వాళ్ళ మ్యాపులో ఎక్స్-ఐ-ఎన్-జడ్-హెచ్-యూ. మొదటిది వేడ్-జైల్స్ అనే పాత పద్ధతి, రెండోది పిన్‌యిన్. ఇక్కడ 2002లో తోంగ్‌యోంగ్ అని సొంత పద్ధతి ఒకటి తెచ్చారు. 2009లో దాన్ని వదిలి పిన్‌యిన్‌కి వచ్చారు. కానీ ఎవరి బోర్డులు వాళ్ళు మార్చుకోవాలి కదా, కొందరు మార్చారు, కొందరు మానేశారు. దాంతో మూడు పొరలు ఒకేసారి కనిపిస్తాయి.

కౌశ్యుంగ్ నగరం పక్కన రేవుకి అడ్డంగా సన్నగా పడుకున్న దీవి ఒకటుంది. ఫెర్రీ ఎక్కితే ఐదు నిమిషాలు. పోయినేడాది దసరాకి ఇండియా నుంచి వచ్చిన మా బావమరిదిని తీసుకెళ్ళాను. ఫెర్రీ దగ్గర సి-ఐ-జె-ఐ-ఎన్ అని ఉంది. అతని ఫోన్ మ్యాపులో క్యూ-ఐ-జె-ఐ-ఎన్. చేతిలో ఉన్న పాత గైడు పుస్తకంలో సి-హెచ్-ఐ, గీత, సి-హెచ్-ఐ-ఎన్. "బావా, మనం మూడు దీవులు చూస్తున్నామా?" అన్నాడు. ఒక్కటే రా నాయనా, చిజిన్. దిగి కాల్చిన స్క్విడ్ తినిపించాక ఊరుకున్నాడు.

కౌశ్యుంగ్ అనే పేరు కథ ఇంకా బాగుంటుంది. అక్కడి మూలవాసుల పేరు తకావ్. హొక్కియెన్ వాళ్ళు ఆ శబ్దానికి దగ్గరగా 'తా-కావ్' అని రెండు అక్షరాలు పెట్టారు. వాటి అర్థం 'కుక్కను కొట్టు'! జపాన్ వాళ్ళు పాలించేటప్పుడు 1920లో, ఇదేం పేరని, జపనీస్‌లో 'తకావో' అని పలికే వేరే అక్షరాలు తెచ్చి పెట్టారు. తర్వాత చైనీస్ పాలన వచ్చింది. అక్షరాలు అవే ఉంచి మాండరిన్‌లో చదివితే కౌశ్యుంగ్. మొదటి పేరులో ఉన్న శబ్దం గాలికి పోయింది. కుక్క మాత్రం బతికిపోయింది.

గెలాక్సీ రాయి · 3:41

శీను గారూ 😂 మరి కిన్‌మెన్ ఏ పద్ధతి?

సించూ శీను · 3:58

అదే తమాషా. వేడ్-జైల్స్‌లో అయితే చిన్-మెన్, పిన్‌యిన్‌లో జిన్‌మెన్. కిన్‌మెన్ ఆ రెండూ కాదు, పాత చైనా తపాలా శాఖ స్పెల్లింగ్. పీకింగ్, నాన్‌కింగ్ అని రాసినవాళ్ళే. 'కిన్' అక్కడి నుంచే వచ్చింది. దీవి వాళ్ళు దాన్నే ఉంచుకున్నారు.

కిన్‌మెన్ నేను చూశాను. రెండు సరుకులకి పేరు. ఒకటి కావొలియాంగ్ సారా, అంటే మన జొన్నలతో కాచింది. రెండోది వంటింటి కత్తి. 1958 ఆగస్టు 23న అవతలి ఒడ్డు నుంచి ఫిరంగులు మొదలయ్యాయి, నలభై నాలుగు రోజులు ఎడాపెడా. ఆ గుండ్ల తొడుగు ఉక్కుతోనే అక్కడి కమ్మర్లు కత్తులు కొట్టారు. నేనొకటి తెచ్చుకున్నాను, బీరకాయ చెక్కు తీయడానికి బ్రహ్మాండంగా ఉంది. 1960లో అమెరికాలో కెనెడీ, నిక్సన్ టీవీ డిబేట్లలో వాదించుకున్న దీవుల్లో ఇదొకటి. వాళ్ళ నోట్లో మాత్రం అది కెమోయే.

ద్విత్వం · సాయంత్రం 4:30

శీను 1958 అన్నాడు కనుక ఒకటి చెప్పకుండా ఉండలేను. చైనా పార్లమెంటు పిన్‌యిన్‌ను ఆమోదించింది ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. ఆ తొలి హోరు ఆగాక కూడా రోజు విడిచి రోజు గుండ్లు వేసేవారు. పూర్తిగా ఆగింది 1979 జనవరి 1న. చైనా తన విదేశీ భాషల ప్రచురణల్లో పిన్‌యిన్ స్పెల్లింగులు వాడటం మొదలుపెట్టిందీ సరిగ్గా ఆ రోజు నుంచే. రెంటికీ సంబంధం ఏమీ లేదు, తారీఖులు కలిశాయంతే. కానీ ఎదురెదురు ఒడ్డుల్లో ఒకటి షియామెన్‌గా స్థిరపడి, ఇంకోటి కిన్‌మెన్‌గా మిగిలిపోవడానికి వెనక ఉన్నది చైనా, తైవాన్‌ల ఆ చీలికే.

తపాలా బిళ్ళ · 5:10

నా ఆల్బమ్ తీశాను. 1972 దాకా అమెరికా చేతిలో ఉన్న జపాన్ దీవి ఒకినావా బిళ్ళల మీద 'ర్యూక్యూస్' అని ఉంటుంది. అవే దీవులు పాత ఇంగ్లీషు పుస్తకాల్లో 'లూ చూ'. 1854లో అమెరికా కమొడోర్ పెర్రీ ఆ రాజ్యంతో చేసుకున్న ఒప్పందంలో 'ల్యూ చ్యూ', ఎల్-ఇ-డబ్ల్యూ, సి-హెచ్-ఇ-డబ్ల్యూ. ఈ చివరిది చదివితే ఏదో నమిలినట్టుంటుంది. చైనీస్‌లో ల్యూచ్యూ, జపనీస్‌లో ర్యూక్యూ. జపనీస్‌లో 'ల' లేదు కదా.

జేజు జాహ్నవి · 6:45

కొరియా గురించి ఎవరూ మాట్లాడరేం? నేను మూడేళ్ళుగా కొరియన్ నేర్చుకుంటున్నాను (అవును, సీరియల్స్ చూసే, నవ్వకండి). జేజు దీవికి టికెట్ తీస్తుంటే ఎయిర్‌పోర్ట్ కోడ్ సి-జె-యూ అని వచ్చింది. జేజులో 'సి' ఎక్కడిది? బుసాన్ కోడ్ పి-యూ-ఎస్. దాంట్లో 'పి' ఎక్కడిది? ఇంకా వింత, అక్కడివాళ్ళ నోట వింటే నాకు చేజు, పుసాన్ అనే వినిపిస్తుంది. పాతవాళ్ళే కరెక్టేమో అనిపిస్తోంది.

ద్విత్వం · రాత్రి 8:15

అమ్మాయ్, నీ చెవులు భేషుగ్గా ఉన్నాయి. కొరియన్‌లో ఆ అక్షరానికి మాట మొదట్లో ఒక ధ్వని, అచ్చుల మధ్య ఇంకో ధ్వని. తమిళంలో 'ప' ఒక్కటే రాసి, మాట మొదట 'ప', మధ్యలో 'బ' పలుకుతారు చూడు, దాదాపు అలాగే. 1930ల్లో మెక్యూన్, రైషావర్ అనే ఇద్దరు అమెరికన్లు విన్నది విన్నట్టు రాశారు. మొదట 'సి-హెచ్', మధ్యలో 'జె'. చేజు. 2000 జూలైలో కొరియా ప్రభుత్వం, ఒక అక్షరానికి రెండు స్పెల్లింగులు ఎందుకు, మా రాతకే కట్టుబడదాం అని రెండు చోట్లా 'జె' పెట్టింది. జేజు. పాత పద్ధతి చెవి పక్షం, కొత్తది కలం పక్షం. కోడ్‌లు అంతకు ముందువి, అలాగే ఉండిపోయాయి.

ఇంకో పక్క, వేడ్-జైల్స్‌లో తైపేని 'టి' పక్కన చిన్న కొమ్ము పెట్టి రాసేవారు. ఆ కొమ్ము ఉంటే 'థ', లేకపోతే 'త'. కొమ్ము ఉంటే ఫ, లేకపోతే ప. వాడేవాళ్ళు బద్ధకించి కొమ్ములన్నీ ఎగరగొట్టారు, అంతా కలగాపులగం. మన లిపిలో త-థ, ప-ఫ వేర్వేరు అక్షరాలు, కొమ్ము అక్కర్లేదు. కాకపోతే మనమూ 'ఫ' చూస్తే ఇంగ్లీషు 'ఎఫ్' పలుకుతున్నాం, గొప్పలు చెప్పుకోవడానికి లేదు.

అన్నట్టు, ఇందాకటి నుంచి అందరం తప్పు రాస్తున్నాం, నాతో సహా. పిన్‌యిన్ 'ఎక్స్', శీను ఊరి 'హెచ్-ఎస్', రెండూ మన 'శ'. షాంఘైలో ఉన్నది 'ష'. వాళ్ళకి ఆ రెండూ వేర్వేరు, మనకీ వేర్వేరు. కాబట్టి శియామెన్ అనాలి.

సించూ శీను · 8:22

శించూ శీను అని మార్చుకోవాలా మాస్టారూ? ప్రాస కూడా కుదురుతుంది.

బందరు లడ్డు · 9:05

జేజుకి ఇంకో పేరు మర్చిపోయారు, 'క్వెల్‌పార్ట్'. డచ్ వాళ్ళు పెట్టింది. 1653లో స్పెర్వెర్ అనే డచ్ ఓడ తుఫానుకి అక్కడ బద్దలైంది. బతికిన ముప్పై ఆరు మందిలో హెండ్రిక్ హామెల్ అనే గుమాస్తా ఉన్నాడు. కొరియా రాజు వీళ్ళని దేశం దాటనివ్వలేదు. పదమూడేళ్ళ తర్వాత హామెల్ కొందరితో పడవలో తప్పించుకుని నాగసాకి చేరాడు. తర్వాత అచ్చయిన ఆయన రాతల్లో ఆ దీవి క్వెల్‌పార్టే. కొరియన్ కాదు, చైనీస్ కాదు, ఏ చెవీ వినని పేరు. అదీ రెండు వందల ఏళ్ళు మ్యాపుల్లో నిలబడింది.

మా ఊరికీ ఈ కథతో చుట్టరికం ఉంది. డచ్ కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలో దిగిన కొద్ది ఏళ్ళకే, 1609లో, జపాన్‌లోని హిరాడో దీవిలో కొట్టు పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ కూడా అంతే, ఇక్కడ 1611, అక్కడ 1613. వాళ్ళ లెక్కల పుస్తకాల్లో మా ఊరు 'మసూలిపటం', హిరాడో 'ఫిరాండో'. పట్నాన్ని పటం చేశారంటే అర్థమవుతుంది, 'హి'ని 'ఫి' ఎందుకు చేశారో నాకు తెలియడం లేదు.

హోసూరు రోడ్డు · 9:30

బెంగళూరులో ఉంటే ఈ ప్రశ్న రాదు లడ్డు గారూ. మన పాలు ఇక్కడ హాలు, మన పులి ఇక్కడ హులి, పువ్వు హూవు. జపనీస్‌లోనూ పాత 'ప' మెల్లగా 'ఫ'గా జారి, తర్వాత 'హ' అయింది. పరదేశులు వెళ్ళినప్పటికి మధ్య మెట్టు మీద ఉంది. విన్నదే రాశారు, పాడుచేయలేదు.

స్వదేశీ77 · 9:34

నన్నే అంటున్నట్టుంది.

కోనసీమ కుర్రాడు · 9:50

జపాన్ దీవి ఇవో జిమా పేరు కూడా మార్చేశారని విన్నాను. నిజమేనా?

ద్విత్వం · 10:20

2007 జూన్ 18న జపాన్ సర్వే సంస్థ దాన్ని 'ఇవో టో' అని ప్రకటించింది. కానీ రాసే అక్షరాలు ఒక్కటీ మారలేదు! అర్థం గంధకపు దీవి. చివరి అక్షరం 'దీవి'. దాన్ని జపనీస్ సొంత మాటతో చదివితే 'షిమా', చైనా నుంచి తెచ్చుకున్న మాటతో చదివితే 'టో'. మీ కోనసీమ వాళ్ళకి సులువుగా చెప్పాలంటే, అక్షరం ఒకటే రాసి లంక అని చదవాలా, ద్వీపం అని చదవాలా అన్న తగువు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు 'టో' అనేవారు. 1944లో వాళ్ళని ఖాళీ చేయించారు. అక్కడ దిగిన జపాన్ నౌకాదళం వాళ్ళు 'జిమా' అన్నారు, యుద్ధంతో ఆ పేరే లోకానికి ఎక్కింది. అరవై ఏళ్ళ తర్వాత పాతవాళ్ళ మాట చెల్లింది.

షిమా కాస్తా జిమా ఎందుకయిందని అడుగుతారు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు ఎందుకయ్యారో అందుకే.

ఆ 'టో'యే జేజు-దోలో 'దో', చైనాలో 'దావ్'. చింగ్‌దావ్ ఎయిర్‌పోర్ట్ కోడ్ టి-ఎ-ఓ. ఊరు దీవి కాకపోయినా కోడ్‌లో దీవే మిగిలింది.

జాగ్రఫీ జగన్నాథం · 10:41

మరి కొరియా, జపాన్ రెండూ మావంటున్న ఆ దీవుల్ని దోక్దో అనాలా, తాకేషిమా అనాలా? లియాంకోర్ట్ రాక్స్ అని కూడా

మోడరేటర్ · 10:43

1849లో చూసిన ఫ్రెంచి తిమింగలాల వేట ఓడ పేరు లియాంకోర్ట్, అందుకని ఆ పేరు. అంతవరకే. ఎవరిది అన్న చర్చ ఇక్కడ మొదలైతే తాళం వేస్తాను. పోయిన నెల కావేరి దారం గుర్తుందిగా.

గెలాక్సీ రాయి · గురువారం, సాయంత్రం 5:15

అందరికీ ధన్యవాదాలు. పార్టీ రెండు రోజుల్లో అమెండ్‌మెంట్ పంపింది, ఛార్జీలు వాళ్ళే పెట్టుకున్నారు. ఇప్పుడు రెండు చోట్లా 'ఎక్స్'తోనే ఉంది. బంగారు వాకిలి ముక్క చెప్పాక మా ఓనరు గారు కూడా చల్లబడ్డారు.

కాగితాలు మళ్ళీ తీసుకెళ్ళాను. బ్యాంకు ఆయన కళ్ళజోడు పైకి తోసి అంతా చూశారు. "రేవు సరే బాబూ, ఇప్పుడు మీ ఊరు చెప్పు. ఇన్‌వాయిస్‌లో చివర 'వై' ఉంది, ఆరిజిన్ సర్టిఫికెట్‌లో 'ఐ'. ఇందులో 'టి-హెచ్', అందులో ఉత్త 'టి'. చీమకుర్తులు ఎన్ని?" అన్నారు.

విశాఖ లంగరు · 5:20

ఆఫీసు బోర్డు మీద ఏముంది తమ్ముడూ?

గెలాక్సీ రాయి · 5:26

బోర్డు మీద 'టి-హెచ్', చివర 'వై'. లెటర్‌హెడ్ మీద మొదట్లోనే రెండు 'ఇ'లు. ఇది మూడోది అన్నా.